మరుదముత్తు పిళ్ళై బరమా

చిత్తిరై 3

గుళ్ళో నాదస్వరం వాయించే మరుదముత్తు పిళ్ళై పదహారో రోజు కర్మ ముగిసింది. భోజనానికి వెళ్ళి వచ్చాను. అరటిపువ్వు కూరలో ఉప్పు తక్కువ. ఆయనే ఉంటే విస్తరి ముందు నుంచి లేవకుండానే వంటవాణ్ణి పిలిపించి ఉండేవాడు.

ఆయన గొట్టం తొలిచిన తుది బరమాను ఈ రోజే పారే నీటిలో వదలాలి. అది మా వీధి పద్ధతి. నాదస్వరం గొట్టం తొలిచేటప్పుడు మొదటి బరమాలు ఎవరికైనా ఒకటే. సన్నది, దానికంటే లావుది, ఇంకా లావుది. చివరిసారి లోపల తిరిగే తుది బరమా మాత్రం ఒక్క మనిషిది. ఆ మనిషి ఊపిరిని అరచేతిలో పట్టి చూసి, దానికి తగ్గట్టు సానరాయి మీద అంచు తీస్తాం. మనిషి పోయాక ఆ బరమా మరో గొట్టంలోకి వెళ్ళకూడదు. ఎందుకని మా నాన్న చెప్పలేదు. నేను అడగలేదు.

కావేరిలో నీళ్ళు లేవు. పిల్లలు ఇసుకలో బంతాట ఆడుతున్నారు. మేట్టూరు ఆనకట్ట గేట్లు ఎత్తేదాకా ఆగక తప్పదు. బరమాకు నూనె రాసి, ఎర్రగుడ్డలో చుట్టి, పనిపాకలో దూలానికి కట్టాను.

మా ఆవిడ చెల్లమ్మాళ్ చూసింది. "ఏమండీ, అది అక్కడ వేలాడినన్నాళ్ళూ ఆ పాక నేను ఊడవను. మీరే ఊడ్చుకోండి."

ఊడ్చాను.

చిత్తిరై 11

తయ్యల్‌నాయకి వచ్చింది, మొగుడు ఉత్తిరాపతితో. అతను డోలు వాయిస్తాడు. ఆమెకు వాళ్ళ నాన్న ఇచ్చిన నాదస్వరం గొట్టం నిలువునా చీలిందట. కొత్తది కావాలి, వైకాసి నెల విశాఖం పండుగకల్లా.

"విశాఖం రోజు గుళ్ళో నన్ను వాయించమన్నారయ్యా. పిళ్ళైవారి చోటు ఖాళీగా ఉంది కదా. బాగుంటే ఆ చోటు నాకే ఇస్తారట. ఆడదానికి ఇవ్వడమా అని అప్పుడే గొణుగుతున్నారు. గొట్టానికి మాత్రం ఎవరూ వంక పెట్టకుండా ఉండాలి."

"గొట్టానికి వంక పెట్టరు. ఊదేవాళ్ళకే పెడతారు" అన్నాను.

"అదీ నేనే పడతాలెండి" అని నవ్వింది.

ఉత్తిరాపతిని చెల్లమ్మాళ్ ఆట పట్టించింది. "ఏమయ్యా, పెళ్ళాం గాలి ఊదితే నువ్వు వెనకాల దబదబా బాదుతావట కదా?"

"ఇంట్లో నోరెత్తే వీలు లేదక్కా. గుళ్ళోనైనా చేతులతో మాట్లాడుకుంటాను."

చెల్లమ్మాళ్ చాలాసేపు నవ్వింది. నేను ఆ అమ్మాయి ఊపిరి పట్టాను. పాకలోని పాత గొట్టం ఊదించి, దాని కింద అరచెయ్యి పెడితే తెలుస్తుంది. సన్నని ఊపిరి. పొడుగైనది. ఆగకుండా వచ్చింది. మధ్యలో ఎక్కడా తడబాటు లేదు. ఇలాంటి ఊపిరి పట్టి చాలా ఏళ్ళయింది.

చిత్తిరై 19

కర్ర దొరికింది. కూలగొట్టిన చెట్టియారు ఇంటి స్తంభం, నాదస్వరాలకు వాడే ఆచా కర్ర. నల్లగా, ఇనుములా ఉంది. గోటితో కొడితే మోగుతుంది. కోసి, గుండ్రంగా చేసి, నీడలో పెట్టాను.

ఉత్తిరాపతి కుంభకోణం నుంచి కొత్త డ్రిల్లు బిట్లు తెచ్చిచ్చాడు, నా శ్రమ తగ్గుతుందని. తళతళలాడుతున్నాయి. ఇనప రేకుకు పనికొస్తాయి. కర్రకు పనికిరావు. కర్రను తొలిచే బిట్టుకు ముందు ఒక మొన ఉండాలి. ఆ మొన దారి చూపిస్తే అంచులు దాని వెనకాల కోసుకుంటూ పోతాయి. మొన లేనిది గట్టి కర్ర తగలగానే పక్కకు జారి తన దారి తాను చూసుకుంటుంది. అతని మనసు నొచ్చుకోకూడదని తీసుకుని పెట్టెలో పడేశాను.

వైకాసి 2

సన్నబరమా ఈ చివరి నుంచి ఆ చివరికి వెళ్ళింది. దీపం పెట్టి చూశాను, వంకర లేదు. తర్వాత లావు బరమాలు కింది నుంచి, ఒక్కొక్కటీ ముందుదానికంటే తక్కువ లోతుకు. నెమ్మదిగా తిప్పాలి. మాటిమాటికీ బయటికి లాగి పొట్టు దులపాలి. ఆశపడి ఎక్కువసేపు తిప్పితే లోపల కాలుతుంది. కాలిన గొట్టానికి నాలుక మందం.

ఆముదం అర సీసా.

వైకాసి 5

తయ్యల్‌నాయకి తుది బరమా సిద్ధం. మొన్న పొద్దుటి నుంచి సానరాయి మీదే కూర్చున్నాను. అంచు పల్చగా, ఆమె ఊపిరిలాగే. బాగా కుదిరింది.

వైకాసి 6

కుదరలేదు. కర్రలో జానెడు వెళ్ళేసరికి కీచుమంది. పొగ వాసన. బయటికి తీస్తే అంచు మొద్దుబారింది. మళ్ళీ అరగదీశాను.

వైకాసి 7

మళ్ళీ కీచుమంది. ఇంత గట్టి కర్రకు అంత పల్చని అంచు నిలవదు. అంచు మందం చేస్తే ఆమె ఊపిరికి సరిపోదు. వేరే కర్ర వెతకాలంటే విశాఖం దాటిపోతుంది.

వైకాసి 8

దూలం మీది మూట దింపి ఆ బరమా కొలత చూశాను. చూడటానికే.

వైకాసి 9

పైన జానెడు మాత్రం దానితో తిప్పాను. గట్టిగా ఉన్న చోటు అంతవరకే. మిగతాది ఆమె బరమాతోనే చేస్తాను.

వైకాసి 10

రెండో జానెడు కూడా.

వైకాసి 11

పూర్తయింది. కీచుమనలేదు. పొట్టు తెగకుండా ఒకే తీగలా బయటికి వచ్చింది. నా చెయ్యి తిప్పినట్టు లేదు, అది తిరుగుతుంటే నేను పట్టుకున్నట్టు ఉంది. బరమా తుడిచి, గుడ్డలో చుట్టి, మళ్ళీ దూలానికి కట్టాను.

తుది బరమా: తయ్యల్‌నాయకిది.

ఈ పుస్తకం నేను తప్ప ఎవరూ చూడరు. అయినా అలాగే రాశాను.

వైకాసి 14

వేళ్ళ రంధ్రాలు పెట్టి, కింది గిన్నె బిగించి, ఆమెను పిలిపించాను. మధ్యాహ్నం వచ్చింది. రెల్లు పీక తడిపి, గొట్టానికి బిగించి, ఊదింది.

చెల్లమ్మాళ్ వంటింట్లోంచి చెయ్యి తుడుచుకుంటూ వచ్చింది. "పిళ్ళైవారొచ్చారా? కాఫీ కలపనా?" అంది.

ఊదుతున్నది ఎవరో అప్పుడు చూసింది. చెల్లమ్మాళ్ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది.

తయ్యల్‌నాయకికి అర్థం కాలేదు. "ఎంత నిండుగా ఉందయ్యా!" అని గొట్టాన్ని కళ్ళకద్దుకుంది. "ఇది నేను ఊదినట్టే లేదు."

కొత్త గొట్టం అలాగే ఉంటుందని చెప్పాను.

వైకాసి 20, విశాఖం

గుడి మండపంలో జనం. ఆమె తోడి రాగం ఎత్తుకుంది. మొదట్లో ఆమే. పై షడ్జానికి ఎక్కబోయే ముందు ఆగింది. ఎడమ చెయ్యి గొట్టాన్ని వదిలి భుజం మీదికి వెళ్ళింది, అక్కడ లేని కండువా కోసం తడుముకుంది. "హుప్" అని గాలి పీల్చింది. అప్పుడు ఎక్కింది.

మరుదముత్తు పిళ్ళై చివరి ఏళ్ళలో సరిగ్గా అక్కడే ఆగేవాడు. అక్కడే కండువా నోటికి ఆనించుకుని "హుప్" అని పీల్చేవాడు. జనం అది సంగీతం తెలిసినవాళ్ళకు మాత్రమే అందే సొగసు అనుకునేవాళ్ళు. ఉబ్బసం అని నాకు తెలుసు. ఆయనకు గొట్టం తొలిచినవాణ్ణి.

ముసలివాళ్ళు బాహాటంగా ఏడ్చారు. ధర్మకర్త లేచి నిలబడి ఆ చోటు ఆమెకే అని చెప్పాడు. గొణిగినవాళ్ళే ముందుగా చప్పట్లు కొట్టారు. ఆమె ముఖం వెలిగిపోయింది.

వైకాసి 21

బాగుంది. చాలా బాగుంది.

ఆని 2

రోజూ సాయంకాలం పూజకు గుడికి వెళ్తున్నాను. వినడానికి కాదు. కొత్త గొట్టం వేడికి ఎలా నిలుస్తోందో చూడటానికి.

చెల్లమ్మాళ్ అంది, "మీకంత వినాలని ఉంటే తిరుచ్చి రేడియోలో పిళ్ళైవారి పాత కచేరీలు వేస్తూనే ఉంటారుగా."

రేడియోవాళ్ళు ఊపిరి తీసే చప్పుడు కోసేస్తారు. ఆమెకు చెప్పలేదు.

ఆని 9

గుడికి వెళ్ళాను. అక్కడే ఆగింది.

ఆని 10

గుడికి వెళ్ళాను. అక్కడే ఆగింది. కొంచెం ఎక్కువసేపు.

ఆని 17

ఉత్తిరాపతి ఒక్కడే వచ్చాడు. హాస్యం ఆడలేదు. చెల్లమ్మాళ్ ఇచ్చిన మజ్జిగ పక్కన పెట్టేశాడు.

"దానికి దగ్గు పట్టుకుందయ్యా. పడుకోలేకపోతోంది. గోడకి ఆనుకుని కూర్చునే నిద్రపోతోంది. కుంభకోణంలో పెద్ద డాక్టరుకి చూపించాను. ఫోటో తీసి, ఊపిరితిత్తులు అద్దంలా ఉన్నాయన్నాడు. అద్దంలా ఉంటే ఎందుకయ్యా అలా ఎగరొప్పుతోంది?"

"దుమ్ము. గాలివానలు రాకముందు ఇలాగే ఉంటుంది. తేనెలో మిరియాల పొడి ఇవ్వు."

"ఇచ్చాను." తన వేళ్ళు చూసుకున్నాడు. "నేను డోలు వాయించేవాణ్ణి. అది ఎక్కడ ఊపిరి తీస్తుందో నా వేళ్ళకి తెలుసు. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఆ చోటు చూసుకునే దెబ్బ వేస్తున్నాను. ఇప్పుడది తీసే చోటు దానిది కాదయ్యా."

అతను వెళ్ళాక చెల్లమ్మాళ్ దూలం వంక చూసింది. తర్వాత నా వంక.

"నీళ్ళు రానీ" అన్నాను.

ఆని 24

తయ్యల్‌నాయకి మధ్యాహ్నం పాకలోకి వచ్చింది. నేను పీకలకు దారం చుడుతున్నాను. వీధిలోంచి పాకదాకా నడిచేసరికే రొప్పుతోంది. మెడ నరాలు పొంగి ఉన్నాయి. కూర్చోమన్నాను. కూర్చోలేదు. తలెత్తి ఎర్రమూట వైపు చూస్తూ నిలబడింది.

"ఒరే సభా, పైన కొంచెం బిగుతుగా ఉందిరా" అంది.

ఆమె గొంతే. మాట మాత్రం ఆయనది. సభాపతి అని పూర్తిగా పిలిచే ఓపిక ఆయనకు ఎప్పుడూ లేదు.

చేతిలోని దారం కిందపడింది. ఆమె కళ్ళు చిట్లించి, ఎండలోంచి చీకట్లోకి వచ్చినదానిలా చుట్టూ చూసింది.

"ఏదో అన్నాను కదయ్యా? ఏమన్నాను?"

"గొట్టం బిగుతుగా ఉందన్నావు."

"అవునా? లేదే. గొట్టం బాగానే ఉంది." దగ్గింది. "నాకే బాగోలేదు."

మజ్జిగ తాగించి పంపాను.

ఇక్కడ ఒక మాట రాయాలి. ఆమె అలా పిలిచినప్పుడు భయం వేసింది. భయం ఒక్కటే వేసిందని రాయలేను.

ఆడి 6

మేట్టూరులో నీళ్ళు వదిలారని పేపర్లో వచ్చింది. గుడికి వెళ్ళాను.

ఆడి 18

కావేరి రెండు గట్లూ నిండి పారుతోంది. ఈ రోజు నదికి కొత్తనీటి పండుగ కనక ఊరంతా మెట్ల మీదే ఉంది. ఆడవాళ్ళు పసుపుతాళ్ళు కట్టుకుంటున్నారు, పులిహోర పంచుతున్నారు, తాటాకు చెవికమ్మలు, దీపాలు నీటిలో వదులుతున్నారు. వాళ్ళ మధ్య నేను ఒక ఇనుప కడ్డీ వదిలితే ఎవరూ గమనించలేదు. పడగానే మునిగింది.

పని అయిపోయింది. ఇంక ఆ అమ్మాయికి తగ్గుతుంది.

ఆడి 19

తగ్గలేదు. రాత్రి పూజలో పై షడ్జం దగ్గర ఆగి, మళ్ళీ గాలి అందక పడిపోయిందట. పెదవులు నీలంగా అయ్యాయట. ఉత్తిరాపతి ఆమెను ఎత్తుకుని ఇంటికి పరుగెత్తాడు. పొద్దున్నే నా దగ్గరకు వచ్చాడు. ఏడవడం కూడా చేతకావడం లేదు అతనికి.

"ఏదైనా చెయ్యండయ్యా. ఆ గొట్టం వాయించవద్దంటే వినదు. అది లేకపోతే నేనెవర్ని అంటుంది."

ఒక దారి ఉంది. గొట్టం లోపల ఒక్క వరస అంతా తీసేయాలి. ఆ తుది బరమాకంటే ఒక్క మెట్టు పెద్దది పెట్టి తిప్పితే, పాత కోత మొత్తం పొట్టుగా బయటికి వస్తుంది. గొంతు కొంచెం మారుతుంది కానీ చెడదు. అతనికి చెప్పాను. సాయంకాలం ఆమెను తీసుకురమ్మన్నాను.

బరమాల వరస దగ్గరికి వెళ్ళాను. చిన్నదాని పక్కన పెద్దది, వాటి చోట్లు తప్పకుండా గోడకు వేలాడతాయి. నాకు కావలసిన చోట ఖాళీ మేకు.

దూలం మీది మూట విప్పాను. మరుదముత్తు పిళ్ళై బరమా అందులోనే ఉంది.

నిన్న వదిలేముందు దీనికీ ఆ మేకు మీదిదానికీ నూనె రాశాను. రెండిటిదీ ఒకే పొడవు. పాకలో చీకటిగా ఉంది. కళ్ళు మసకలు.

చెల్లమ్మాళ్ గుమ్మంలో నిలబడి ఉంది. "కళ్ళు మూసుకుని ఏ బరమా ఏదో చెప్తారు మీరు. పెళ్ళయిన కొత్తలో పందెం వేసి నా చేత జంతికలు చేయించుకునేవారు."

మూట మళ్ళీ దూలానికి కట్టాను.

"ఆయన మీకు ప్రాణమని నాకు తెలీదా? కానీ ఆ పిల్ల చచ్చిపోతుందండీ. వినడానికి ఇంకా ఎన్నాళ్ళుంటుంది అనుకుంటున్నారు?"

ఆడి 19, దీపాలవేళ

ఇది అంతా రాసి పెట్టాలి.

వాళ్ళు వచ్చారు. ఉత్తిరాపతి ఆమెను చేతుల మీద మోసుకొచ్చినంత పనయింది. గొట్టం ఆమె ఒళ్ళో ఉంది. స్తంభానికి ఆనించి కూర్చోబెట్టాడు.

నిజం చెప్పాను. ఎవరి బరమా పెట్టానో, ఎక్కడి నుంచి ఎక్కడిదాకా తిప్పానో, నిన్న కావేరిలో దేన్ని వదిలానో. గొట్టం గొంతు చెడకుండా బాగు చేసే బరమా నదిలో ఉంది. మళ్ళీ అలాంటిది కొలిమిలో కాల్చి అంచు తీసేసరికి పదిరోజులు పడుతుంది. ఈ రాత్రికి నా దగ్గర ఉన్నది దానికంటే మరో మెట్టు పెద్దది. అది పెడితే పాత కోత పోతుంది, గొంతు కూడా పోతుంది.

ఉత్తిరాపతి లేచి నా చొక్కా పట్టుకున్నాడు. ఆమె చెయ్యెత్తి ఆపింది.

"విశాఖం రోజు..." గాలి తీసుకుంది. "వాళ్ళు ఏడ్చారు కదా. ఎవరి కోసం?"

"ఆయన కోసం."

"ఒక్కరైనా నాకోసం?"

మొదట్లో, ఆయన రాకముందు, కాసేపు ఆమే వాయించింది. ఆ కాసేపట్లో ఎవరైనా విన్నారో లేదో నాకు తెలియదు. నేను వినలేదు. ఆయన కోసం ఎదురుచూస్తున్నాను.

"తెలియదమ్మా" అన్నాను.

"గుడి చోటు పోతుందా?"

"పోవచ్చు."

ఒళ్ళో గొట్టం మీద చెయ్యి వేసింది. ఆ ఊపిరి చప్పుడు తప్ప పాకలో ఇంకేమీ లేదు. పీల్చడం పొట్టి, వదలడం పొడుగు, చివర చిన్న ఈల. ఆయనదే.

"పదిరోజులు ఆగితే?" అన్నాడు ఉత్తిరాపతి.

"నేను ఆగలేనండీ" అంది అతనితో. నా వైపు చూడకుండా గొట్టం చాచింది. "తొలవండి."

గొట్టం బిగించి పెద్ద బరమా ఎత్తాను. మొదటి తిప్పుకే కర్ర మూలిగింది. కీచు కాదు. నెమ్మదిగా తిప్పాను, మాటిమాటికీ బయటికి లాగాను, పొట్టు దులిపాను. ఎండిన కర్ర పొట్టు పొడిగా రాలాలి. ఇది తడిగా, నల్లగా, వేళ్ళకు అంటుకుంటూ వచ్చింది. పొడుం వాసన వేసింది, ఆయన కండువా అంచున ఎప్పుడూ ఉండే నశ్యం వాసన. చెల్లమ్మాళ్ ముక్కు మూసుకుని బయటికి వెళ్ళింది. కనక ఆ వాసన తగిలింది నా ఒక్కడికే కాదు.

మొదటి జానెడు. ఆమె దగ్గు ఆగింది. రెండో జానెడు. భుజాలు దిగాయి. నేను తిప్పడం ఆపినప్పుడల్లా మళ్ళీ ఈల మొదలయ్యేది. అందుకని ఆపడం మానేశాను. చేతులు నా మాట వినడం మానేశాక కూడా తిప్పాను.

బరమా అవతలి చివర బయటపడింది. ఉత్తిరాపతి ఆమె ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాడు. నిద్రపోతోంది. పక్కకు ఒరిగి, నేల మీద, చెయ్యి తల కింద పెట్టుకుని.

అతను గోడకు చేరగిలబడి ముఖం కప్పుకున్నాడు.

ఆడి 20

ఎండెక్కాక లేచింది. చెల్లమ్మాళ్ ఇడ్లీలు పెడితే వద్దనకుండా తింది. నాతో మాట్లాడలేదు. దూలం కింద నిలబడి, "అది దింపండి" అని మొగుడితో అంది. అతను దింపాడు.

"నేను ఇప్పుడే తీసుకెళ్ళి వదులుతాను" అన్నాను.

"వద్దయ్యా. మీ చేతికివ్వను."

ఎర్రమూట పట్టుకుని మెట్ల దాకా ఆమే వెళ్ళింది. నేను గట్టు మీదే నిలబడ్డాను. నీళ్ళలో మోకాళ్ళ దాకా దిగి, గుడ్డ విప్పి, అదేనా అని నన్ను అడగకుండా వదిలేసింది. మొన్నటికంటే నీళ్ళు ఎక్కువగా ఉన్నాయి.

తిరిగి వచ్చాక గొట్టం తీసుకుని, పీక తడిపి, పాక గుమ్మంలో కూర్చుంది. ఉత్తిరాపతి డోలు తెచ్చుకోలేదు. బోర్లించిన గంప ముందేసుకున్నాడు.

తోడి ఎత్తుకుంది.

బొంగురుగా ఉంది. కింది స్వరాలు పగిలినట్టు, పైవి వెడల్పుగా, అంచులు లేనట్టు. విశాఖం నాటి నిండుతనంలో పావు వంతు లేదు. ఏ గుళ్ళోనూ ఈ గొంతుకు ఎవరూ కన్నీళ్ళు పెట్టరు. నేను తొలిచిన గొట్టాల్లో ఇంత నాసిది లేదు. ఆమెకూ తెలుస్తోంది. ముఖం చిట్లించింది, కానీ నోటి నుంచి తియ్యలేదు.

పై షడ్జం దగ్గరికి వచ్చింది. గంప మీద ఉత్తిరాపతి వేళ్ళు గాల్లో నిలిచాయి.

ఆమె ఎక్కింది. ఊపిరి తీయలేదు. భుజం తడుముకోలేదు. వెళ్తూనే ఉంది, ఆ సన్నని పొడుగైన ఊపిరి, మొదటి రోజు నా అరచేతిలో తగిలినదే, ఎక్కడా తెగకుండా. అతని వేళ్ళు తమ పాత చోటు దొరికించుకుని గంప మీద పడ్డాయి. చెల్లమ్మాళ్ వంటింట్లోంచి రాలేదు. ఎవరొచ్చారని అడగలేదు.

ఆమె అక్కడ ఆగకూడదని ఊపిరి బిగబట్టి విన్నానని రాద్దామనుకున్నాను. ఆగుతుందేమోనని ఆశపడి విన్నాను.